ఫీజు కట్టాం సరే... మనసు అడిగామా?

ప్రతి ఏటా డిసెంబరులో మా పాఠశాలకు సొసైటీ నుంచి ఒక ఫారం వస్తుంది. స్కాలర్‌షిప్ అందుకుంటున్న ప్రతి విద్యార్థి పేరు ఎదురుగా మార్కులు, హాజరు, ప్రవర్తన అని మూడు గళ్లు ఉంటాయి. వాటిని నింపి, సంతకం చేసి పంపడం మా పని. దాతలు ఇచ్చిన రూపాయి సరైన చోటికి చేరుతోందా అని చూసుకోవడానికి ఆ ఫారం అవసరమే. అయితే కొన్నేళ్ల క్రితం అదే ఫారంలో మేము ఒక తప్పు రాశాము. ఆ తప్పు మళ్లీ ఎవరూ చేయకూడదనే ఈ వ్యాసం. ఆ కుటుంబం అనుమతితోనే, పేరూ ఊరూ లేకుండా ఆ సంగతి చెబుతున్నాము.

పదో తరగతి అబ్బాయి. తండ్రి లేడు. తల్లి కువైట్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరింది. పిల్లవాడు నానీ దగ్గర పెరుగుతున్నాడు. కడప, రాయచోటి ప్రాంతాల్లో ఇలాంటి ఇళ్లు ఎన్నో మనకు తెలుసు. తొమ్మిదో తరగతి దాకా లెక్కల్లో ముందుండేవాడు. దసరా సెలవుల తర్వాత మారిపోయాడు. వారానికి రెండు రోజులు బడికి రాడు. వచ్చినా వెనక బెంచీలో తల వాల్చి కూర్చుంటాడు. అడిగితే "ఏం లేదు సార్" అంటాడు. మేము మూడో గడిలో ఇలా రాశాము: "చదువుపై అశ్రద్ధ. స్కాలర్‌షిప్ కొనసాగింపు విషయం ఆలోచించగలరు."

అసలు విషయం కనిపెట్టింది బీఈడీ చదివిన మేము కాదు, మధ్యాహ్న భోజనం వండే అమ్మ. "ఆ పిల్లోడు మూడు వారాలుగా అన్నం తినడం లేదు సార్. ప్లేటు పట్టుకుని పోయి కుక్కకు పెడతా ఉన్నాడు" అని ఆమె చెప్పింది.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాము. "ఎవరిదో నజర్ తగిలింది సార్, తావీజు కట్టించినాను" అంది నానీ. పిల్లవాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. రాత్రి మూడింటికే మెలకువ వస్తుందట. చదివింది బుర్రకు ఎక్కడం లేదట. చివరికి, "నేను లేకుంటే అమ్మీ కువైట్ నుంచి వచ్చేస్తుంది కదా సార్. నా ఫీజు కోసమే కదా అక్కడ ఉంది" అన్నాడు.

మేము అశ్రద్ధ అని పేరు పెట్టింది ఒక జబ్బుకు. దాని పేరు డిప్రెషన్.

బాధ వేరు, డిప్రెషన్ వేరు

దుఃఖం అందరికీ వస్తుంది. ఆప్తులు పోయినప్పుడు, వ్యాపారంలో నష్టం వచ్చినప్పుడు, పరీక్ష తప్పినప్పుడు ఏడుస్తాం. రోజులు గడిచేకొద్దీ బాధ కొంచెం కొంచెంగా సడలుతుంది. మధ్యలో పిల్లల మాటలకు నవ్వగలుగుతాం, ఆకలి వేస్తే తినగలుగుతాం. డిప్రెషన్‌లో అలా సడలదు. మనసు దిగులుగా ఉండడమో, దేనిమీదా ఇష్టం లేకపోవడమో ఈ జబ్బులో ముఖ్య లక్షణం. దానితో పాటు కింది వాటిలో కొన్ని దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు, రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చూపించాలి.

1. నిద్ర పట్టకపోవడం, తెల్లవారకముందే మెలకువ రావడం, లేదా అతిగా నిద్ర.
2. ఆకలి తగ్గడం లేదా బాగా పెరగడం.
3. ఏ పనీ చేయకుండానే అలసట.
4. చదువు మీద, పని మీద మనసు నిలవకపోవడం.
5. "నేను పనికిరాను, అందరికీ భారం" అనే ఆలోచన.
6. మాట, నడక మందగించడం, లేదా ఒకచోట నిలవలేని ఆందోళన.
7. చావు గురించిన ఆలోచనలు.

అందరిలోనూ ఇది కన్నీళ్ల రూపంలో కనపడదు. కౌమారంలో ఉన్న పిల్లల్లో చిరాకు, కోపం, బడి ఎగ్గొట్టడం కనిపిస్తాయి. మన ఇళ్లలో పెద్దలు, ఆడవాళ్లు "మనసు బాగాలేదు" అనరు. గుండెల్లో బరువు, తలపోటు, ఒళ్లు మంటలు, నీరసం అంటారు. ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి సెలైన్ ఎక్కించుకుని వస్తారు. నాలుగు రోజులకు మళ్లీ అదే బాధ.

రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నా ఇలాంటి నీరసమే ఉంటుంది. అందుకే డాక్టరు ముందుగా రక్తపరీక్షలు చేయిస్తారు. వంశంలో ఈ జబ్బు ఉండడం, కాన్పు తర్వాతి రోజులు, షుగరు వంటి దీర్ఘవ్యాధులు, అప్పులు, మద్యం, ఒంటరితనం, అయినవారికి దూరంగా బతకడం, ఇవన్నీ దీనికి దారితీయగలవు. ఒక్కోసారి కళ్లకు కనిపించే కారణమే ఉండదు. "నీకేం తక్కువ?" అన్న ప్రశ్నకు రోగి దగ్గర జవాబు లేకపోవడం అందుకే.

మన దేశంలో 2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. దాని ప్రకారం ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌కు గురవుతున్నారు. వారిలో అత్యధికులకు చికిత్సే అందడం లేదు. మన మసీదులో జుమా నాడు ఒక వరుసలో ఎంతమంది నిలబడతారో లెక్క వేసుకుంటే, ఈ సంఖ్య ఎంత దగ్గరిదో అర్థమవుతుంది.

ఈమాన్ తగ్గి వచ్చే జబ్బు కాదు

"నమాజు సరిగ్గా చదివితే ఇవన్నీ ఎందుకు వస్తాయి?" అనే మాట మనలో చాలామంది అంటారు. మేమూ అన్నవాళ్లమే. రోగికి ఆ మాట రెండో దెబ్బ. ముందే తాను పనికిరానని అనుకుంటున్నవాడు, ఇప్పుడు అల్లాహ్‌కు కూడా దూరమయ్యానని అనుకుంటాడు.

హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) ప్రవక్త. కొడుకు యూసుఫ్ కోసం దుఃఖించి దుఃఖించి ఆయన కళ్లు తెల్లబడ్డాయని ఖుర్ఆన్ చెబుతోంది. ఆయన ఈమాన్‌ను ఎవరు శంకించగలరు? దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితంలో హజ్రత్ ఖదీజా, అబూ తాలిబ్ ఇద్దరూ మరణించిన సంవత్సరాన్ని చరిత్రకారులు 'ఆముల్ హుజ్న్', అంటే దుఃఖ సంవత్సరం అన్నారు. పురిటినొప్పుల్లో ఒంటరిగా ఖర్జూరపు చెట్టు కిందకు చేరిన హజ్రత్ మర్యమ్, ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని వేదన చెందారు. ఆ మాటకు ఆమెకు మందలింపు రాలేదు. దిగులుపడవద్దన్న ఓదార్పు, కాళ్ల దగ్గర నీళ్లు, తినడానికి ఖర్జూరాలు వచ్చాయి. కుంగిపోయిన మనిషి ఎదురైనప్పుడు ముందు ఏం చేయాలో ఇంతకంటే బాగా ఎవరు నేర్పగలరు?

మన పూర్వీకులైన వైద్యులకు కూడా ఈ సంగతి తెలుసు. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరం, మనసు రెండింటి ఆరోగ్యం గురించి 'మసాలిహ్ అల్ అబ్దాన్ వల్ అన్ఫుస్' అనే గ్రంథం రాశారు. అందులో ఆయన దుఃఖాన్ని రెండు రకాలుగా విడదీశారు. ఒకటి కారణం తెలిసినది, రెండోది కారణం తెలియనిది. రెండోదానికి మూలం శరీరంలో ఉంటుందని, దానికి శరీరానికి చేసే వైద్యం కూడా కావాలని వివరించారు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన మన్సూరీ ఆసుపత్రిలో మానసిక రోగులకు వేరుగా విభాగం ఉండేది. అది వక్ఫ్ ఆదాయంతో, అంటే దాతల సొమ్ముతో నడిచింది. కాబట్టి ఈ జబ్బుకు దానం చేయడం మనకు కొత్త సంగతి కాదు.

నమాజు, దుఆ, జిక్ర్ మనసుకు ఊరట ఇస్తాయి. వాటిని వదలమని ఎవరూ అనరు. షుగరు వచ్చినవాడు దుఆ చేస్తూనే మందు వేసుకుంటాడు కదా, ఇదీ అంతే.

చికిత్స ఎలా ఉంటుంది?

తేలికపాటి డిప్రెషన్‌కు కౌన్సెలింగ్ సరిపోవచ్చు. రోగితో మాట్లాడి, ఆలోచనల తీరును, రోజువారీ పనులను కొద్దికొద్దిగా గాడిలో పెట్టడం అందులో భాగం. తీవ్రత ఎక్కువైతే మందులూ కావాలి. వాటి గురించి మూడు విషయాలు తెలిసి ఉండాలి. ఒకటి, ఈ మందులు తలనొప్పి బిళ్లలా వెంటనే పనిచేయవు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. రెండు, బాగైంది కదా అని సొంతంగా ఆపకూడదు. కోలుకున్నాక కూడా కొన్ని నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. మూడు, డిప్రెషన్ మందులు, నిద్రమాత్రలు ఒకటి కావు. వీటికి మనిషి బానిస అవుతాడన్న భయం అనవసరం. రంజాన్ వస్తే మందులు మానేయకుండా, సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చుకోవచ్చా అని ముందుగానే డాక్టరును అడగాలి. రోగికి రోజా విషయంలో సడలింపు ఉందని మరచిపోకూడదు.

ఇంట్లో మనం చేయగలిగింది

సలహా కంటే ముందు వినాలి. "సబ్ర్ చెయ్", "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా", "సోమరితనం వదులు" అనే మాటలు పక్కన పెట్టాలి. "ఎన్ని రోజులుగా ఇలా ఉంది? నిద్ర పడుతోందా? తిన్నావా?" అని అడగాలి. జవాబు రాకపోతే పక్కన కూర్చున్నా చాలు.

పనులు చిన్నవిగా విడగొట్టాలి. స్నానం, పదినిమిషాల నడక, ఒక్క పేజీ చదువు. ఇష్టం కలిగాక చేద్దామంటే ఈ జబ్బులో ఆ ఇష్టం రాదు. ముందు చేస్తే, ఇష్టం వెనక వస్తుంది. నిద్రకు, తిండికి వేళలు ఉండాలి. రాత్రి ఫోను దూరంగా ఉండాలి. గల్ఫ్‌లో ఉన్నవారితో మాట్లాడేటప్పుడు డబ్బు లెక్కలు, మార్కుల లెక్కలే కాకుండా, ఆ రోజు ఏం తిన్నారో, ఎలా ఉన్నారో కూడా మాట్లాడుకోవాలి.

చావు ఆలోచన ఉందేమోనని అనుమానం వస్తే సూటిగానే అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. నిజానికి అడిగినవాళ్లు దొరికారని మనసు తేలికపడుతుంది. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో పగలూ రాత్రీ ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణం తీసుకోబోయిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కాబట్టి కేసు అవుతుందనే భయంతో వైద్యం దాచకూడదు.

దాతలతో ఒక మాట

మా విద్యార్థి సంగతికి వద్దాం. మర్నాడే అతన్ని, నానీని వెంటబెట్టుకుని జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగానికి వెళ్లాము. వైద్యం ఉచితం, మందులు ఉచితం. కానీ మూడోసారి వెళ్లవలసిన రోజు వాళ్లు వెళ్లలేదు. కారణం అడిగితే నానీ తలవంచుకుని చెప్పింది. ఇద్దరికి బస్సు ఛార్జీలు, ఆ రోజు కుట్టుపని కూలి పోవడం. వేల రూపాయల ఫీజు కడుతున్న మనం, ఆ బస్సు టిక్కెట్టు దగ్గర పిల్లవాణ్ని పోగొట్టుకునేవాళ్లం.

సొసైటీ పెద్దలకు మేము మరో ఉత్తరం రాశాము. మొదటిది మా పొరపాటని ఒప్పుకున్నాము. వారు స్కాలర్‌షిప్ ఆపలేదు. పైగా ఆసుపత్రి ప్రయాణానికి నెలనెలా కొంత పంపారు. అతను వెంటనే ఏమీ మారిపోలేదు. ఆ ఏడు లెక్కల్లో తప్పి, సప్లిమెంటరీలో పాసయ్యాడు. తల్లి ఆ తర్వాతి ఏడు సెలవు మీద వచ్చి రెండు నెలలు ఉంది. ఇప్పుడు అతను పాలిటెక్నిక్ చదువుతున్నాడు.

అందుకని దాతలకు మూడు విన్నపాలు. మార్కులో హాజరో హఠాత్తుగా తగ్గిన విద్యార్థికి సహాయం ఆపేముందు ఎవరైనా ఒకరు ఇంటికి వెళ్లి కారణం కనుక్కునే ఏర్పాటు ఉండాలి. ఫీజు నిధితో పాటు ఆసుపత్రి ప్రయాణానికి, తోడు వెళ్లేవారి కూలికి చిన్న నిధి ఉండాలి. అందులో జకాత్ సొమ్ము వాడే విషయం ఉలమాను అడిగి నిర్ణయించుకోవచ్చు. ఇక మూడోది, ప్రతి మొహల్లాలో పిల్లల మాట వినడానికి, విన్నది దాచడానికి ఒక మగవారు, ఒక ఆడవారు ముందుకు రావాలి. దీనికి డబ్బు అక్కర్లేదు, సమయం కావాలి.

ఈసారి ఫారంలో మేమే పెన్నుతో నాలుగో గడి గీసుకున్నాము. దానిపై "పిల్లవాడితో మాట్లాడారా?" అని రాసుకున్నాము. వచ్చే ఏడాది ఆ గడి అచ్చులోనే ఉండాలని మా కోరిక.

కుంగిన మనసులకు అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక. వారి మాట వినే ఓపిక మనకు ఇచ్చుగాక. ఆమీన్.