వానల ఊరిలో విల్లో చెక్క: క్రికెట్ బ్యాటు ఎంపిక, సంరక్షణ

తొలివానలు మొదలైన నాటి నుండి దీపావళి వరకు రంగూనులో ఇంట ఆరవేసిన బట్ట పూర్తిగా ఆరదని మన ఇల్లాళ్ళందరికీ అనుభవమే. అదే తేమ బీరువా పక్కన నిలబెట్టిన క్రికెట్ బ్యాటులోకి కూడా చడీచప్పుడు లేకుండా ప్రవేశిస్తూ ఉంటుందన్న సంగతి మాత్రం చాలామంది తల్లిదండ్రుల దృష్టికి రాదు. విశాఖపట్నం నుండో చెన్నై నుండో బంధువులు విమానంలో శ్రమపడి తెచ్చిన బ్యాటును కార్తీకమాసంలో బయటకు తీస్తే అడుగుభాగం ఉబ్బి ఉంటుంది, ముఖం మీద బూజు మచ్చలు కనిపిస్తాయి, నాలుగు బంతులు ఆడగానే అంచు చీలిపోతుంది. డబ్బు నష్టం ఒక ఎత్తు. పిల్లవాని నిరాశ మరొక ఎత్తు. ఈ నష్టంలో చాలావరకు చెక్క స్వభావం తెలియకపోవడం వల్ల కలిగేదే. కనుక బ్యాటును ఎలా ఎన్నుకోవాలో, ఎలా కాపాడుకోవాలో, ఆయా జాగ్రత్తల వెనుక ఉన్న విజ్ఞానం ఏమిటో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

రంగూనుకు క్రికెట్ కొత్త కాదు

ఈ ఆట మన ఊరికి కొత్తగా వచ్చినది కాదు. 1926-27 శీతకాలంలో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన ఎం.సి.సి. జట్టు భారతదేశం, సింహళం, బర్మాలలో పర్యటించింది. 1926 డిసెంబరులో బొంబాయిలో ఆ జట్టుపై హిందూ జట్టు తరఫున సి.కె. నాయుడు 11 సిక్సర్లతో 153 పరుగులు సాధించారు. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించిన ఆయన 1932లో భారతదేశపు మొదటి టెస్టు జట్టుకు నాయకుడైనారు. బొంబాయిలో ఆయన ఆడిన ఆటకు ముగ్ధులై ఎం.సి.సి. వారు ఆయనకు ఒక వెండి బ్యాటును బహూకరించారు. అదే జట్టు 1927 జనవరిలో రంగూనుకు వచ్చి హ్యూబర్ట్ ఆష్టన్ నాయకత్వంలోని బర్మా జట్టుతో తలపడింది. తరువాతి కాలంలో ఆట ఇక్కడ వెనుకబడినా, 2006లో మ్యాన్మార్ అంతర్జాతీయ క్రికెట్ మండలిలో సభ్యత్వం పొందింది.

విల్లో చెక్కయే ఎందుకు?

టేకుకు పుట్టినిల్లయిన దేశంలో ఉంటూ, బ్యాటు కోసం పరాయి చెట్టును ఆశ్రయించడం ఎందుకని పిల్లలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. టేకు సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలు. బ్యాటుకు వాడే తెల్ల విల్లో సాంద్రత 400 నుండి 450 కిలోలు మాత్రమే. విల్లో పలక 900 గ్రాములు తూగితే, అదే ఆకారంలో చేసిన టేకు పలక 1,350 గ్రాములు దాటుతుంది. దానిని ఎత్తి బంతికి సకాలంలో అందించడం పెద్దవారికే కష్టం.

తేలిక ఒక్కటే కారణం కాదు. విల్లో పోగులు పొడవైనవి, కణాలలో ఖాళీ ఎక్కువ. గట్టి దెబ్బ తగిలినప్పుడు ఆ కణాలు నలిగి, ఒకదానిలో ఒకటి అణగి నిలుస్తాయే కాని చెక్క అంత తేలికగా చీలదు. పలకను యంత్రంలో అదిమి, తరువాత సుత్తితో కొట్టి గట్టిపరచడానికి వీలు కలిగేది ఈ గుణం వల్లనే. అల్యూమినియం బ్యాటు సంగతి కూడా చెప్పుకోవాలి. 1979 డిసెంబరులో పెర్త్ టెస్టులో డెనిస్ లిల్లీ అటువంటి బ్యాటుతో ఆడబోగా పెద్ద వివాదం చెలరేగింది. ఆ తరువాత పలక చెక్కతోనే ఉండాలని నిబంధనలలో స్పష్టం చేశారు.

పిడి కథ వేరు. అది విల్లో కాదు, పేము. ఇక్కడి పిల్లలు కాలితో ఆడే చిన్‌లోన్ బంతిని అల్లేదీ ఈ జాతి తీగతోనే. వంగి మళ్ళీ నిటారుగా నిలిచే గుణం పేముకు ఉన్నందువల్ల బంతి దెబ్బ అదురు చేతులకు పూర్తిగా చేరదు. పేము ముక్కల నడుమ రబ్బరు పట్టీలు పెట్టి అతికించి, ఆ పిడిని పలకలో కోసిన కోణాకారపు గాడిలో బిగిస్తారు. ఈ అతుకే బ్యాటుకు ఆయువుపట్టు.

పరిమాణం, బరువు

పెరిగే పిల్లవానికి ఒక కొలత పెద్ద చొక్కా కుట్టించడం మన ఇళ్ళలో ఆనవాయితీ. బ్యాటు విషయంలో ఈ పొదుపు పనికిరాదు. పెద్ద బ్యాటు ఎత్తలేని పిల్లవాడు కింది చేతితో బలవంతాన ఊపడం నేర్చుకుంటాడు. నిటారుగా రావలసిన బ్యాటు అడ్డంగా వస్తుంది. మణికట్టు, మోచేయి నొప్పి పెడతాయి. ఒకసారి పడిన ఆ అలవాటు మాన్పించడం కొత్త బ్యాటు కొనడం కంటే కష్టం.

పిల్లల బ్యాట్లు 1 నుండి 6 వరకు నంబర్లలో, ఆపైన హారో, ఆపైన పెద్దల పరిమాణంలో లభిస్తాయి. సుమారు 4 అడుగుల 9 అంగుళాల ఎత్తుగల పిల్లలకు 4వ నంబరు, 5 అడుగుల 2 అంగుళాలకు 6వ నంబరు సరిపోతాయి. తయారీదారులను బట్టి కొద్ది తేడాలుంటాయి కనుక చేతికిచ్చి చూడటమే ఉత్తమం. పాదం పక్కన బ్యాటును నిలబెడితే పిడి కొస తొడ పైభాగానికి రావాలి. పిడి పట్టే పైచేయి ఒక్కదానితోనే బ్యాటును పక్కకు చాపి కొద్ది క్షణాలు వణకకుండా నిలపగలగాలి. ఈ రెండు పరీక్షలలో నెగ్గని బ్యాటు ఎంత అందంగా ఉన్నా వద్దు.

పెద్దల బ్యాట్లు ఎక్కువగా 1.1 నుండి 1.25 కిలోల మధ్య ఉంటాయి. కాని తక్కెడ చెప్పే బరువు వేరు, చేతికి తెలిసే బరువు వేరు. బ్యాటును చూపుడువేలిపై అడ్డంగా నిలిపితే అది తూగే చోటు గురుత్వ కేంద్రం. రెండు బ్యాట్లు సరిగ్గా ఒకే బరువు ఉండి, పిడి కొస నుండి గురుత్వ కేంద్రం ఒకదానిలో 54, మరొకదానిలో 57 సెంటీమీటర్ల దూరాన ఉన్నదనుకుందాం. తిప్పడానికి ఎదురయ్యే జడత్వం దూరపు వర్గాన్ని అనుసరిస్తుంది. బరువంతా ఆ బిందువులోనే ఉన్నదని స్థూలంగా లెక్కిస్తే, రెండవ బ్యాటును ఊపడం 11 శాతం కష్టం. 1.15 కిలోల బ్యాటుకు ఇది దాదాపు 125 గ్రాములు అదనంగా మోసినట్లే. కాబట్టి తూచి చూడటంతో పాటు ఊపి చూడటం అవసరం.

పెద్దల ఆటలో నిబంధనల ప్రకారం బ్యాటు పొడవు 38 అంగుళాలు, వెడల్పు నాలుగుంపావు అంగుళాలు మించకూడదు. 2017 అక్టోబరు నుండి పలక మందం 67, అంచు మందం 40 మిల్లీమీటర్లకు పరిమితమైనవి.

చెక్క నాణ్యత

పలక ముఖం మీద నిలువుగా కనిపించే గీతలు చెట్టు వార్షిక వలయాలే. గీతలు దగ్గరగా ఉంటే చెట్టు నెమ్మదిగా పెరిగినట్లు లెక్క. అటువంటి బ్యాటు త్వరగా మంచి ఆటకు వస్తుంది, కాని త్వరగా అలసిపోతుంది. దూరంగా ఉంటే పదును రావడం ఆలస్యం, ఆయుష్షు ఎక్కువ. ఆరు నుండి పది గీతలు తిన్నగా, అడుగు వరకు తెగకుండా ఉంటే సామాన్య ఆటగానికి చాలును.

ఆంగ్ల విల్లో కంటే కాశ్మీరు విల్లో బరువు, గట్టితనం కొంత ఎక్కువ; ధర బాగా తక్కువ. అనంతనాగ్ జిల్లాలోని సంగం, బిజ్‌బెహారా ప్రాంతాలలో ఇది పెద్ద కుటీర పరిశ్రమ. నేర్చుకునే పిల్లలకు కాశ్మీరు బ్యాటు చాలినంత మంచిది. పాప్లర్ చెక్కను విల్లో పేరుతో అమ్మే వారున్నారు కనుక తెలిసిన దుకాణంలో కొనడం క్షేమం. సందులో టెన్నిస్ బంతితో ఆడుకునే వారికి ఖరీదైన ఆంగ్ల విల్లో అవసరమే లేదు.

బ్యాటును పిడి దగ్గర రెండు వేళ్ళతో వదులుగా వేలాడదీసి, పాత బంతితో ముఖం మీద కింది నుండి పైకి తట్టి చూడండి. అడుగు నుండి సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తున ఒకచోట వేళ్ళకు అదురు దాదాపు తెలియదు, శబ్దం కూడా స్వచ్ఛంగా వస్తుంది. కంపించే తీగలో వలెనే బ్యాటులోనూ అస్పందన బిందువు ఉంటుంది. బంతి అక్కడ తగిలితే శక్తి కంపనాలలో వృథా కాక బంతికే తిరిగి చేరుతుంది. ఆటగాళ్ళు మెచ్చే తీయని చోటు ఇదే.

నూనె పట్టించడం, కొట్టి పదును పెట్టడం

కొత్త బ్యాటుకు ముడి అవిసెనూనె పట్టించాలి. ఇంట్లో ఉన్నది కదా అని వేరుశనగ నూనెగాని కొబ్బరినూనెగాని రాయకూడదు. అవిసెనూనెలోని కొవ్వు ఆమ్లాలలో జంట బంధాలు ఎక్కువ. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అవి ఒకదానితో ఒకటి పెనవేసుకొని పలుచని గట్టి పొరగా మారుతాయి. వంటనూనెలు అలా ఆరిపోక జిడ్డుగా మిగిలి, దుమ్మును, బూజును ఆకర్షిస్తాయి.

ఒక చెంచాడు నూనెను మెత్తని గుడ్డతో ముఖానికి, అంచులకు, అడుగుకు పలుచగా రాసి, బ్యాటును ఒక రోజంతా పడుకోబెట్టి ఆరనివ్వాలి. ఇటువంటి పూతలు రెండు మూడు చాలును. పిడికి, అతుకుకు నూనె తగలరాదు. అక్కడి బంక సడలుతుంది. ముఖం మీద ముందే పారదర్శకమైన రక్షణ పొర అంటించి ఉంటే, పొర లేని చోట్ల మాత్రమే రాయాలి. ఒక ముఖ్యమైన హెచ్చరిక: నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడవేయకండి. ఆక్సీకరణంలో పుట్టే వేడి బయటకు పోక గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. దానిని నీటిలో తడిపి పారవేయాలి.

నూనె ఆరిన తరువాత కొయ్యసుత్తితో ముఖమంతా, ముందు మెల్లగా, క్రమంగా బలంగా కొట్టాలి. పదేసి పదిహేనేసి నిమిషాల చొప్పున మొత్తం ఆరు గంటల వరకు ఈ పని సాగుతుంది. అంచుల వద్ద సుత్తిని ఏటవాలుగా జారవిడవాలి. నేరుగా కొడితే చీలుతుంది. అడుగు కొసను, వెనుక భాగాన్ని కొట్టకూడదు. సంచౌంగ్ వంటి చోట్ల గోడకు గోడ ఆనుకున్న మేడలలో ఈ చప్పుడు పొరుగువారికి ఇబ్బంది కనుక, వీధిలోకి దిగి సాయంకాలం వేళ చేసుకోవడం మర్యాద. ఆపై పాత తోలు బంతితో మెల్లని క్యాచ్‌లు ఆడించి, ముఖం మీద కుట్టు గుర్తులు లోతుగా పడటం లేదని నిశ్చయించుకున్న తరువాతనే కొత్త బంతికి పంపాలి.

వానాకాలపు జాగ్రత్తలు

చెక్క తన చుట్టూ ఉన్న గాలితో ఎప్పుడూ తేమను ఇచ్చిపుచ్చుకుంటుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 60 శాతం ఉంటే చెక్కలో తేమ సుమారు 11 శాతం వద్ద, 85 శాతం ఉంటే 17 శాతం వద్ద స్థిరపడుతుంది. 900 గ్రాముల పలకకు ఈ తేడా దాదాపు 50 గ్రాములు. పిల్లవాడు ఈ ఏడు బ్యాటు బరువుగా ఉందంటే బద్ధకమని కోప్పడకండి. నిజంగానే బరువెక్కి ఉండవచ్చు. తేమ తాగిన చెక్క మెత్తబడి త్వరగా సొట్టలు పడుతుంది. అటువంటి దానిని ఒక్కసారిగా ఎండలోగాని, రాత్రింబవళ్ళు నడిచే ఏ.సి. గదిలోగాని పెడితే పైపొర ముందుగా కుంచించుకొని పగుళ్ళిస్తుంది.

కాబట్టి బ్యాటును నేలకు, గోడకు ఆనించక, గాలి ఆడే గదిలో నేలకు ఎత్తుగా ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టకండి. తడిసిన రోజున పొడిగుడ్డతో తుడిచి నీడలో పడుకోబెట్టి ఆరనివ్వండి. తడిసిన సిమెంటు మీద బ్యాటు కొసను తాటించే అలవాటు మాన్పించండి. నీరు ఎక్కువగా ఎక్కేది తెగిన పోగులు తెరుచుకొని ఉండే ఆ కొసనుండే. అక్కడ రబ్బరు తొడుగు అంటించడం మేలు. వానలు వెళ్ళాక సన్నని గరుకు కాగితంతో ముఖాన్ని తేలికగా రుద్ది, ఒక పూత నూనె రాస్తే చాలు. అతిగా నూనె పోస్తే బ్యాటు మొద్దుబారుతుంది.

ముఖం మీద వెంట్రుకవాసి గీతలు సహజమే, వాటికి భయపడనక్కరలేదు. అంచు పెచ్చు లేస్తే చెక్క బంకతో అతికించి దారపు పట్టీ చుట్టవచ్చు. అతుకు వద్ద పిడి కదిలినా, పగులు ముఖం నుండి వెనుకకు పారినా ఆ బ్యాటుతో గట్టి బంతి ఆడకూడదు.

పిల్లలకు ఒక ప్రయోగం

వంటింటి తక్కెడ మీద ప్రతి నెలా మొదటి ఆదివారం బ్యాటును తూచి, ఆ బరువును ఒక పుస్తకంలో రాయించండి. ఏడాది చివర పన్నెండు అంకెలను గళ్ళ కాగితం మీద గీయిస్తే, వానాకాలం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఆ గీతయే చెబుతుంది. బరువు ఎక్కువగా పెరిగిందంటే బ్యాటు ఉంచే చోటు మార్చాలని అర్థం. చదివిన పాఠం కంటే తాను తూచి తెలుసుకున్న పాఠం పిల్లవానికి గట్టిగా నాటుతుంది. తన వస్తువును తానే కాపాడుకునే బాధ్యత కూడా దానితోపాటే అలవడుతుంది.