పెరటిలో పన్నీటి గులాబి

విద్యార్థులారా, మనము ప్రతిదినము పలుకు మాటలలో కొన్ని తమ చరిత్రమును తమలోనే దాచుకొని యుండును. గులాబి యను మాట యట్టిది. పారసీక భాషలో గుల్ అనగా పువ్వు. ఆబ్ అనగా నీరు. ఈ రెండును కలిసి యేర్పడిన పదమునకు మొదట పువ్వు అని యర్థము లేదు. పువ్వులనుండి దించిన పరిమళజలము, అనగా మన పెండ్లిండ్లలో అతిథులపై చిలుకరించు పన్నీరు, అని యర్థము. క్రమముగా ఆ నీటి పేరే పువ్వునకు నిలిచినది. దీనినిబట్టి పూర్వులు ఈ పువ్వునందు ముఖ్యముగా గణించినది పరిమాణమును కాదు, రంగును కాదు, వాసననే యని తెలియుచున్నది.

నేడు అంగళ్లలో అమ్మెడు పొడుగు కాడల గులాబీలను ముక్కునకు చేర్చి చూడుడు. వానిలో అనేకములకు వాసన మిక్కిలి స్వల్పము. కొన్నింటికి లేనే లేదు. వానిని వృద్ధిచేసినవారు కాడ పొడుగును, రంగును, దూరప్రయాణమునకు ఓర్చు గుణమును కోరి యేర్చిరి, వాసనను కోరలేదు. గులాబి రేకులలో జెరానియోల్ మొదలగు సుగంధద్రవ్యములు తయారగుటకు ఒక ఎంజైము తోడ్పడుచున్నదనియు, వాసన తక్కువగు రకములలో దానిని పుట్టించు జన్యువు మందముగా పనిచేయుచున్నదనియు 2015లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కావున ఎంత యెరువు వేసినను వాసన లేని జాతికి వాసన రాదు. పరిమళము కావలెనన్నచో పరిమళముగల జాతినే నాటవలెను.

అట్టి జాతి మన యిండ్లకు కొత్తది కాదు. లేత గులాబిరంగు మొదలు ముదురు గులాబిరంగు వరకు గల రేకులతో, గుత్తులుగా పూయుచు, పొట్టి కాడలును వాడి ముండ్లును గలిగి, పొదవలె పెరుగు మొక్కను పలువురు చూచియుందురు. పన్నీరు గులాబి యనియు, నాటు గులాబి యనియు, తోటలవారు ఎడ్వర్డు గులాబి యనియు దానిని పిలుతురు. కోసిన పువ్వు ఒకటి రెండు దినములలో రేకులు రాల్చును గనుక పూలగుచ్ఛములకు ఇది పనికిరాదు. దండలకును, పన్నీటికిని, రేకులను చక్కెరతో కలిపి మాగబెట్టు గుల్కందునకును ఇది శ్రేష్ఠము.

దీని వంశచరిత్రము వినదగినది. హిందూమహాసముద్రములో నేడు రెయూనియన్ అనబడు ద్వీపమునకు పూర్వము బూర్బోన్ అని పేరు. అచ్చటి రైతులు తమ పొలములకు గులాబి పొదలను కంచెగా నాటుచుండిరి. వానిలో రెండు జాతులుండెను: ఏడాది పొడుగున పూయు చీనా గులాబి యొకటి, ఘనమైన వాసనగల డమాస్కు గులాబి మరియొకటి. ఈ రెంటి కలయికవలన పుట్టిన సంతానమే బూర్బోన్ గులాబి యని వృక్షశాస్త్రజ్ఞులు తలంతురు. ఆ ద్వీపములో పనిచేసిన బ్రెయోన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు పంపిన విత్తనములు 1819 ప్రాంతమున ప్యారిస్ చేరినవి. ఆ ద్వీపపు గులాబికి ఎడ్వార్ అని ఫ్రెంచి పేరు. అదియే మన నోట ఎడ్వర్డు అయినది. తల్లివలన పరిమళమును తండ్రివలన పలుమారు పూయు గుణమును పొందిన బిడ్డవలె, ఈ మొక్క రెండు జాతుల మేలును తనయందు కూర్చుకొన్నది.

ఇచట ఒక ముఖ్యాంశమును గమనింపుడు. ఈ మొక్క గుణము విత్తనమువలన నిలువదు. మంచి మామిడి టెంకను పాతినచో ఆ మామిడియే రానట్లు, గులాబి విత్తనమునుండి వచ్చు మొక్క తల్లిని పోలి యుండునను నమ్మకము లేదు. కొమ్మను నాటినచో మాత్రమే ఆ మొక్కయే మరల వచ్చును. కాబట్టి ఒక మొక్కనుండి కొమ్మలవలన వచ్చిన మొక్కలన్నియు ఒకే దేహమునకు కొనసాగింపులు. ఇన్నూరు సంవత్సరములుగా ఎవరో యొకరు ఒక కొమ్మను కోసి పొరుగువారి చేతిలో పెట్టుటచేతనే ఈ గులాబి మన పెరళ్లలో బ్రతికినది. ఇల్లు తిరుగగట్టి, పెరడంతయు సిమెంటు పరచిన నాడు పొద పోవును. దాని కొమ్మను పొరుగువారికి ముందే యిచ్చియున్నచో అది మరల ఆ యింటికి రాగలదు. ఇయ్యనిచో ఆ యింటి మొక్క అంతటితో ముగియును.

ఇక పెంచు విధమును తెలిసికొందము. ఒకసారి పూచి ముదిరిన, పెన్సిలంత లావుగల కొమ్మను ఎన్నుకొనవలెను. 6 మొదలు 8 అంగుళముల ముక్కలుగా, ముక్కకు నాలుగైదు కన్నులుండునట్లు కోయవలెను. అడుగు భాగమును కణుపునకు కొంచెము దిగువగా ఏటవాలుగా కోయుట మంచిది. పై రెండాకులను మాత్రము ఉంచి తక్కినవి తీసివేసి, ఇసుకయు ఎఱ్ఱమన్నును చివికిన పశువుల ఎరువును కలిపిన కుండీలో, మూడింట రెండు పాళ్లు మన్నులో నుండునట్లు నాటి, నీడలో నుంచవలెను. మన్ను తడిగా నుండవలెనే గాని బురద కారాదు. వానకాలపు చల్లని దినములును, వానలు తగ్గిన పిమ్మటి మాసములును ఇందుకు అనుకూలములు.

కొలది దినములలో చిగుళ్లు కనబడును. అంతమాత్రమున వేళ్లు వచ్చినవని సంతోషింపరాదు. కొమ్మయందు ముందే నిలువయున్న ఆహారమువలననే తొలి చిగుళ్లు వచ్చును. అప్పుడు పెరికి చూచినచో మొలవబోవు లేతవేళ్లు తెగిపోవును. నెలన్నర, రెండు నెలలు ఓర్చియుండి, చిగుళ్లు వాడక నిలిచి సాగుచుండుట చూచి, వేళ్లూనినదని గ్రహింపవలెను.

పిమ్మట మొక్కను దినమునకు కనీసము ఆరు గంటలు ఎండ తగులు చోట నాటవలెను. ఒకటిన్నర అడుగు లోతును, అంతే వెడల్పును గల గుంత చాలును. తీసిన మన్నులో మూడవ వంతు చివికిన ఎరువును, రెండు గుప్పిళ్లు వేపపిండిని కలిపి నింపవలెను. పచ్చి పేడ వేయరాదు. అది వేళ్లను చెరచును. రేగడి నేలయైనచో నీరు నిలుచును గనుక గట్టువలె ఎత్తుచేసి నాటవలెను. గులాబి దప్పికవలన చచ్చుటకంటె వేళ్లయొద్ద నిలిచిన నీటివలన చచ్చుటయే మెండు. నీటిని ఉదయము పాదులో పోయవలెను. సాయంకాలము ఆకులపై పోసిన నీరు రాత్రియంతయు ఆరక, నల్లమచ్చ తెగులునకు దారితీయును. వేసవిలో ఎండుటాకులు పాదులో పరచినచో తేమ నిలుచును.

పేనుబంక పట్టినచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను, కొంచెము సబ్బును కలిపి సాయంకాలము చల్లవలెను. కొమ్మ కొననుండి నల్లబడి ఎండుచు క్రిందికి దిగుచున్నచో ఆలస్యము చేయక, ఎండిన భాగమునకు దిగువ పచ్చని కొయ్య కనబడువరకు కోసి, ఆ ముక్కను కాల్చివేయవలెను.

కొమ్మలు కత్తిరించు పని అందరికిని కష్టముగా తోచును. పచ్చగా నున్న చెట్టును కోయుటకు చేతులు రావు. అయినను గులాబి క్రొత్త రెమ్మలయందే పూయును. కోయని పొద ఏటేట కట్టెలు పెంచుకొని, కొనలయందు చిన్న పువ్వులను మాత్రమే యిచ్చును. యోహాను సువార్త 15వ అధ్యాయమున ఫలించు తీగెనే తోటమాలి శుద్ధిచేయునని మనము చదివినది ఈ యనుభవమునకు సంబంధించినదే. వానలు వెనుకబడిన తరువాత, అక్టోబరు చివర, ఎండిన కొమ్మలను, సన్నని పుల్లలను, ఒకదానితో నొకటి రాచుకొను రెమ్మలను తీసివేసి, మిగిలినవానిలో మూడవ వంతు మొదలు సగము వరకు తగ్గింపవలెను. పొద వెలుపలి వైపు చూచు కన్నునకు కాలు అంగుళము పైగా, ఏటవాలుగా కోయవలెను. 45 మొదలు 50 దినములకు పువ్వులు వచ్చును; అనగా క్రిస్మసు పండుగనాటికి పొద పూచియుండును. పువ్వులను సూర్యుని వేడిమి తగులకముందే కోయుడు. ఎండ యెక్కిన కొలది పరిమళము గాలిలో కలిసిపోవును.

కత్తిరించిన నాడు నేలపై పడిన కొమ్మలను ఊడ్చి పారవేయకుడు. ఈ సంవత్సరము మన విద్యార్థులకు నేను విధించు పని యిదియే. ఆ కొమ్మలలో ఆరోగ్యముగా నున్న పదింటిని ఏరి నాటుడు. నాటిన తేదిని, తొలి చిగురు తేదిని, బ్రతికినవాని లెక్కను నోటుపుస్తకమున వ్రాయుడు. అన్నియు బ్రతుకవు, సగము బ్రతికినను సంతోషింపదగినదే. వానిలో ఒకటి మీ యింట నుంచి తక్కినవి ఇతరుల కిండు.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. పెరడును రాళ్లతోనో సిమెంటుతోనో పరపించునప్పుడు గోడప్రక్కన రెండడుగుల చదరపు నేలను మన్నుగానే విడువుడు. అదియు లేనివారికి 12 అంగుళముల కుండీ చాలును. పన్నీటి గులాబికి గొప్ప తోట అక్కరలేదు. ఎండ తగులు మూరెడు చోటును, కోయుటకు వెనుదీయని చేయియు, కోసినదానిని పొరుగువారికి ఇచ్చు మనస్సును ఉన్నచో అది మనలను విడిచి పోదు.