తేలు కుడితే గుండెకు ఎందుకు ప్రమాదం?

కట్టెల మోపు ఎత్తుతున్నప్పుడో, చీకట్లో చెప్పులు వేసుకుంటున్నప్పుడో తేలు కుట్టడం మన పల్లెల్లో మామూలే. చాలామందికి కొన్ని గంటల్లో మంట తగ్గిపోతుంది. కాని ఎర్ర తేలు కుడితే, ముఖ్యంగా చిన్నపిల్లలకు, ప్రాణాపాయం కలుగవచ్చు. పెద్దగా, నల్లగా ఉండే మండ్రగబ్బకంటె ఈ చిన్న తేలే ప్రమాదకరమైనది.

విషం ఏమి చేస్తుంది?

మన నరాల కణాలకు, గుండె కణాలకు కంటికి కనబడని సన్నని ద్వారాలు ఉంటాయి. సోడియం ద్వారం తెరుచుకుంటే కణం ఉత్తేజం పొందుతుంది. అది మూసుకొని, పొటాషియం బయటకు పోతే కణం విశ్రాంతి పొందుతుంది. తేలు విషం సోడియం ద్వారాన్ని త్వరగా మూసుకోనివ్వదు, పొటాషియం ద్వారాన్ని అడ్డగిస్తుంది. అందువలన నరాలు ఆగకుండా ఉత్తేజం పొంది, అడ్రినలిన్ వంటి పదార్థాలు రక్తంలోకి వెల్లువలా వస్తాయి. వాటి వలన గుండె కణాల్లోకి కాల్షియం ఎక్కువగా చేరి, గుండె అతివేగంగా కొట్టుకొంటుంది. రక్తనాళాలు బిగుసుకొని బి.పి. పెరుగుతుంది. చివరకు గుండె అలసిపోయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

ప్రమాద సూచనలు

వాంతులు, ఒళ్ళంతా చెమటలు, కాళ్ళు చేతులు చల్లబడడం, గుండెదడ, ఆయాసం, నురగతో దగ్గు. నొప్పి తక్కువగా ఉంది కదా అని ఊరుకోకండి. ప్రమాదం నొప్పినిబట్టి ఉండదు.

చికిత్స

మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ గారు 1980వ దశకంలో, బి.పి.కి వాడే ప్రాజోసిన్ అనే మాత్ర బిగుసుకొన్న రక్తనాళాలను సడలించి గుండె భారాన్ని తగ్గిస్తుందని చూపారు. విషానికి విరుగుడు ఇంజెక్షన్ కూడా కలిపి ఇస్తే రోగి ఇంకా త్వరగా కోలుకొంటాడని 2011లో ప్రచురించిన ఆయన పరిశోధన తెలిపింది. ఈ మాత్రను మీ అంతట మీరు వాడరాదు. బి.పి. ఒక్కసారిగా పడిపోవచ్చు.

మీరు చేయవలసినది

గాయాన్ని కోయకండి, తాడుతో కట్టకండి. మంత్రం వేయించడానికి తిరిగి సమయం పోగొట్టుకోకండి. పిల్లలకైతే సూచనల కోసం ఎదురుచూడక వెంటనే ఆసుపత్రికి తీసుకొని రండి. బాగానే ఉన్నా, డాక్టరు చెప్పేవరకు ఇంటికి వెళ్ళకండి.