చిన్న ప్రాణులకు పాత కటకములు

గుంటూరు, ఖమ్మము సీమల మిరపతోటలయందు 2021 వ సంవత్సరమున నల్ల తామరపురుగు పడి పూతను పాడుచేసిన సంగతి మిరప పండించు ఇండ్లవారు నేటికిని మరువలేదు. అంత నష్టము గావించిన ఆ ప్రాణి పొడవు రమారమి 1 మిల్లీమీటరు మాత్రమే. పూవును అరచేతిలో దులిపి చూచినచో నల్లని నలుసులు కదలుచున్నట్లుండును గాని వాని యవయవములు కంటికి గోచరింపవు. అంతకు పూర్వమునుండి మన తోటలయందున్న తామరపురుగు పసుపువన్నెది. లేతయాకుల నాశ్రయించి అవి పైకి ముడుచుకొనునట్లు చేయును. క్రొత్తది విశేషముగా పూవులలో జేరును. దానిలో ఆడుది నల్లనిదైనను మగది పసుపువన్నెగానే యుండును. కావున రంగొక్కటి చూచి మందు కొనువాడు మోసపోవచ్చును. తెలిసినవారి నడుగుటకు స్పష్టమైన పటమొకటి చేత నుండవలయును. అట్టి పటమునకు వలయు పాత కటకములను, అనగా లెన్సులను, కొనుటనుగూర్చియు వాడుటనుగూర్చియు ఇచ్చట కొంత వ్రాయదలచితిమి.

సాధారణముగా దగ్గరి పటములకని అమ్మబడు కటకము వస్తువును దాని నిజమైన కొలతకు సమానముగా కెమెరాలోని పలకపై నిలుపును. పలక వెడల్పు 24 మిల్లీమీటర్లనుకొందము. మన పురుగు అందులో ఇరువదినాలుగవ పాలు మాత్రమే ఆక్రమించును. రెక్కల యంచున నుండు వెంట్రుకల కుచ్చు కనబడవలెనన్న పురుగును అయిదింతలుగానైనను పెంచవలయును. ఇచ్చట సాధారణ కటకము పని ముగియును. ప్రయోగశాలలకై పూర్వము చేయబడిన ప్రత్యేక కటకముల పని మొదలగును.

వీనిలో జర్మనీ దేశపు జైస్ వారి లూమినార్ కటకములు పేరెన్నికగన్నవి. ఇవి 16, 25, 40, 63, 100 మిల్లీమీటర్ల నాభ్యంతరములతో వచ్చినవి. లైట్జ్ వారి ఫోటార్, జపానులో నికాన్ వారి మాక్రో నిక్కోర్, ఒలింపస్ వారి 20, 38 మిల్లీమీటర్ల జుయికో కటకములును ఈ కుటుంబమునకు జెందినవే. ఇందు పలువాటికి దృష్టి సవరించు వలయము లేదు. ముడుతల తిత్తికి బిగించి, తిత్తిని సాగదీసియే వాడవలెను. అనేకములకు సూక్ష్మదర్శినుల మరయే యున్నది. ఆ మర కొలతను నిర్ణయించినది 1839 లో లండనులో ఆరంభమై పిదప రాయల్ మైక్రోస్కోపికల్ సొసైటీ యని పేరొందిన సంఘము. దాని వెడల్పు 20 మిల్లీమీటర్లకు కొంచె మెక్కువ. పలుదేశముల పనివారు ఒక్క కొలతకు కట్టుబడినందుననే జర్మనీ కటకము ఇంగ్లీషు పీఠముపై నేటికిని కూర్చుండగలుగుచున్నది. ఇట్టి యొప్పందములు తక్కిన వస్తువులయందును ఉండిన నెంత బాగుండెడిది!

ఎన్నింతలు పెరుగునో లెక్కించుట సులభము. కటకమునుండి పలకవరకు గల దూరమును నాభ్యంతరముచే భాగించి, వచ్చినదానిలో ఒకటి తీసివేయవలెను. దూరము 150 మిల్లీమీటర్లు, కటకము 25 మిల్లీమీటర్లదైనచో 6 వచ్చును. ఒకటి తీసివేయగా అయిదింతలు. అదే తిత్తిపై 50 మిల్లీమీటర్ల కటకముంచిన రెండింతలే.

అయితే ఈ పెంపుదల ఉచితముగా రాదు. అయిదింతలు పెంచినప్పుడు వెలుతురు ఆరును ఆరుచే గుణించినంత, అనగా 36 రెట్లు, పలుచనగును. ఎఫ్ 4 అని చెక్కియున్న రంధ్రము ఎఫ్ 24 వలె పనిచేయును. అట్లయ్యు ఒక పటములో స్పష్టముగా వచ్చు మందము సుమారు 0.06 మిల్లీమీటరు మాత్రమే. రంధ్రమును ఇంకను చిన్నది చేసిన మందము పెరుగుననుట నిజమే గాని, కాంతి ఆ యిరుకు సందున వంగి వ్యాపించుటచే వెంట్రుకలన్నియు పొగమంచులో గలిసినట్లగును. ఈ చిక్కునకు మార్గము ఒకటే. రంధ్రమును మితముగా నుంచి, మరసీలతో పీఠమును 0.04 మిల్లీమీటరు చొప్పున జరుపుచు వరుసగా పటములు తీసి, పిదప కంప్యూటరులో ఒకటిగా కూర్చవలెను. జెరీన్ స్టాకర్, హెలికాన్ ఫోకస్ మొదలగునవి ఈ పనికై యేర్పడినవి. ఈగ తల వంటి 2 మిల్లీమీటర్ల లోతు గలదానికి 50 పటములు కావలెను. తామరపురుగునకు పదింటితో సరిపోవచ్చును. ఓర్పులేనివారు ఈ విద్యకు పూనుకొనకుందురు గాక!

పటము తీయునప్పుడు పంకా నాపవలెను, గదిలో నడువరాదు. కంటికి తెలియని యదురు అయిదింతలుగా పటములో కనబడును. క్షణికమైన మెరుపుదీపము వాడినచో ఈ బాధ చాలవరకు తగ్గును. పురుగుచుట్టు పలుచని తెల్లకాగితపు గొట్టము నుంచిన వెలుతురు మెత్తబడును. పురుగును కొలదిసేపు శీతలపెట్టెలో నుంచిన దాని చలన ముడుగును.

ఇక కొనుగోలు. ఇచ్చటనే తలిదండ్రుల సొమ్ము వ్యర్థమగుటకు అవకాశము మెండు. పాత కటకమును కిటికీవైపు పట్టి అటునిటు వంచి, లోపలినుండి చూడవలయును. సాలెగూటి దారములవలె కొమ్మలు కొమ్మలుగా నున్నది బూజు. మన సముద్రతీరపు తేమలో దశాబ్దములుండిన వానియందిది సాధారణము. గాజును బూజు తినివేసినచో శుభ్రపరచినను మచ్చ పోదు. అతికిన గాజుల నడుమ జిగురు విడిపోయిన యెడల అంచున ఇంద్రధనుస్సువంటి రంగులు కనబడును. లోపల పాలవంటి మసక యున్నను విడువవలసినదే. ముందుగాజుపై చిన్న గీతయున్నచో మేము భయపడము. అది బూజంత కీడు చేయదు. దూరదేశమునుండి తెప్పించువారు కటకము వెనుకనుండి దీపము వేసి తీసిన పటము పంపుమని అమ్మువానిని కోరవలెను. పంపనివానితో బేరము మానుట మేలు. సూక్ష్మదర్శిని కటకములు కొనువారు వానిపై చెక్కిన గుర్తులను చూడవలెను. 160 అని యున్నవి తిత్తిపై నేరుగా పనిచేయును. పడుకొనియున్న ఎనిమిది వంటి అనంతచిహ్న మున్నవాటికి మరియొక కటకము తోడు కావలెను.

లూమినార్‌ల వెల హెచ్చు. విద్యార్థి మొదట వానిని కోరుట మాకు సమ్మతము కాదు. ఫిలిములనుండి కాగితముపై పెద్ద పటములు వేయుటకు వాడిన ఎల్ నిక్కోర్, కాంపొనాన్, రోడగాన్ అను కటకములు నేడు చీకటిగదులు మూతపడుటచే చౌకగా లభించుచున్నవి. 50 మిల్లీమీటర్లది యొకటి కొని, తలక్రిందులుగా త్రిప్పి తిత్తికి బిగించవలెను. త్రిప్పుట యెందుకన, ఆ కటకమునకు వెనుక చిన్న ఫిలిము, ముందు పెద్ద కాగితము ఉండునట్లు లెక్కగట్టిరి. మనకు చిన్నది పురుగు, పెద్దది పలకపై పటము. కావున ఫిలిమువైపు పురుగునకు ఎదురుగా నుండవలెను. రెండింతలలో, 24 మిల్లీమీటర్ల వెడల్పున 6000 చుక్కలుగల పలకపై మన పురుగునకు 500 చుక్కలు దక్కును. రెక్కల కుచ్చు తెలియకున్నను రంగు, కాళ్లు, దేహము తీరు తెలియును. ఆ పని కుదిరినపిమ్మట అయిదింతల కటకమునుగూర్చి తలంపవచ్చును.

కొన్న కటకమును తోలుపెట్టెలో నుంచరాదు. తోలు తేమను పట్టి బూజును పెంచును. తేమను పీల్చు సిలికా పొట్లములతో మూత బిగువుగల డబ్బాలో నుంచవలెను.

గుంటూరు చేరువ లాం పరిశోధనస్థానమువారికో, మరియొక నిపుణునికో పటము పంపునప్పుడు అదే తిత్తి, అదే దూరముతో ఒక కొలబద్ద మిల్లీమీటరు గీతలనుకూడ పటము తీసి జతచేయవలెను. పురుగును ఏ మొక్కపై, ఆకుననో పూవుననో, ఏ తేదీన పట్టితిరో వెనుక వ్రాయవలెను. ఆ పురుగులను కొన్నింటిని చిన్న సీసాలో సారాయముతో భద్రపరచుడు. పటముతో తీరని సందేహమునకు నిపుణులు వానినే యడుగుదురు.