గది దాటకూడని మాట

పాపా,

కళ్యాణదుర్గం అవతల సబ్‌సెంటర్లో ఏఎన్ఎంగా చేరావని మీ అమ్మ చెప్పింది. టీకాలు, ఐరన్ మాత్రలు, బీపీ చూడడం ట్రైనింగులో నేర్పే ఉంటారు. పదహారు, పదిహేడేళ్ల పిల్ల ఒంటరిగా వచ్చి, కడుపునొప్పి అని చెప్పి, అసలు సంగతి నోరు దాటక వెనక్కి పోతుంది చూడు, ఆమెతో ఎలా మాట్లాడాలో మాత్రం అక్కడ పెద్దగా చెప్పరు.

ఆ పిల్ల పెళ్లికానిదే అయ్యుండాలని లేదు. వాన మొహం చాటేసి చెనక్కాయ పంట ఎండిన ఏడాది తల్లిదండ్రులు పనులు వెతుక్కుంటూ బెంగళూరు పోతారు. ఎదిగిన పిల్లను ఇంట్లో ఒక్కదాన్నే వదలలేక ముందే పెళ్లి చేసేస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. 15-19 ఏళ్ల వాళ్లలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో గర్భిణులో. దేశం మొత్తమ్మీద అది 6.8 శాతమే. మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే కాన్పులయ్యాక ఆపరేషనే. తొలి కాన్పును నాలుగేళ్లు ఆపుకోవచ్చని ఆ పిల్లకు చెప్పేవాళ్లే ఉండరు.

చెప్పాల్సింది నువ్వే. నిరోధ్, మాలా-ఎన్, హార్మోన్లు లేని ఛాయా మాత్ర, 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్ర, డాక్టరు చూశాక మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్ అన్నీ సర్కారు ఉచితంగా ఇచ్చేవే. ఛాయా మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. పెళ్లయితేనే ఇవ్వాలని ఏ చట్టమూ చెప్పలేదు. 10-19 ఏళ్ల పిల్లల కోసం 2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కూడా గోప్యత పాటించమనే చెబుతుంది.

చిక్కంతా పిల్లలపై లైంగిక నేరాలను ఆపే పోక్సో చట్టంతో. 2012 నాటి ఆ చట్టం కింద పద్దెనిమిది లోపు పిల్లతో సంబంధం, ఆమె ఇష్టపడినా, నేరమే. మొగుడైనా సరే నేరమేనని 2017 అక్టోబరు 11న సుప్రీంకోర్టు తేల్చింది. సంగతి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పాలి. దాస్తే ఆరు నెలల దాకా జైలు. పిల్లల్ని కాపాడడానికి వచ్చిన చట్టమే ఇది. కానీ పోలీసు మాట వినగానే ఆ పిల్ల మన గడప తొక్కడం మానేసి, మెడికల్ షాపులో ఎవరిచేతనో మాత్రలు తెప్పించుకుంటుంది.

2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం కొంత ఊరట ఇచ్చింది. మైనరుకు గర్భస్రావం చేసే డాక్టరు, ఆ పిల్లా ఆమె గార్డియనూ కోరితే, పోలీసులకు ఇచ్చే సమాచారంలో పేరు, వివరాలు చెప్పనక్కర్లేదు. గర్భస్రావానికి గార్డియన్ రాతపూర్వక అంగీకారం తప్పనిసరి. అయితే గార్డియన్ అంటే ఆ పిల్ల బాగోగులు చూసే పెద్ద ఎవరైనా కావచ్చు, అవ్వయినా సరే. బ్రిటన్‌లో 1985లోనే గిల్లిక్ కేసు తీర్పు వచ్చింది. విషయం అర్థం చేసుకోగలిగితే పదహారు లోపు పిల్లకైనా తల్లిదండ్రులకు చెప్పకుండా డాక్టరు గర్భనిరోధక సలహా ఇవ్వవచ్చని అది చెప్పింది. మనకూ అంత స్పష్టమైన మాట కావాలి.

అది వచ్చేదాకా, ఎవరికీ చెప్పనని ఏ పిల్లకూ ఒట్టు వేయకు. ఆమె నోరు విప్పకముందే, ఏది నీ దగ్గర ఆగుతుందో, ఏది చట్టం ఆగనివ్వదో నెమ్మదిగా చెప్పు. ఎవరైనా బలవంతం చేశారని తెలిస్తే గోప్యత పేరుతో ఊరుకోవద్దు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. నెల తప్పితే ఆలస్యం కానివ్వకు. గర్భస్రావానికి మైనర్లకు చట్టం ఇచ్చిన గడువు 24 వారాలు. 2021 అక్టోబరులో 26 వారాల గర్భంతో ఉన్న 16 ఏళ్ల అమ్మాయి తెలంగాణ హైకోర్టు దాకా వెళ్తేగాని అనుమతి దొరకలేదు.

ఊళ్లో రహస్యం పోలీస్ స్టేషన్లో కంటే బయట బెంచీ మీదే ముందు బద్దలవుతుంది. పదిమందిలో "నెల తప్పిందా?" అని కేకేసి అడగడం, రిజిస్టరు బల్ల మీద తెరిచి వదిలేయడం, పిల్ల గురించి వాళ్లింటి ఫోనుకు చేయడం. వీటిలో ఏ ఒక్కటి జరిగినా ఆమె మళ్లీ రాదు, ఆమె స్నేహితురాళ్లూ రారు. బీపీకి వచ్చిన ముసలమ్మను కూడా తెర వెనకే చూస్తే, లోపలికెళ్లిన పిల్లను ఎవరూ వింతగా చూడరు.

మీ సెంటర్లో తెర లేకపోతే ఈ వారమే మెడికల్ ఆఫీసరును అడిగి కొనిపించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ