పంచాయతీ కంప్యూటరునకు తగిన బ్రౌజరు

ఒంగోలు సీమ రైతు ఎద్దును కొనునప్పుడు ఒడలి తెలుపును, కొమ్ముల సొంపును మాత్రమే చూచి బయానా ఇయ్యడు. పండ్లు పట్టి వయస్సు చూచును, నడిపించి చూచును, కాడి వేసి లాగించి చూచును. పరుల మెప్పుకన్న తన నేలకు, తన పనికి తగుటయే ముఖ్యమని అతడెరుగును. పంచాయతీ కార్యాలయమున లినక్స్ కంప్యూటరునకు బ్రౌజరును ఎన్నుకొనుటయందును ఇదియే మార్గము.

బ్రౌజరనగా ఇంటర్నెట్టులోని పుటలను తెచ్చి తెరపై చూపు సాధనము. తెలుగున దీనిని విహారిణి యనియు వ్యవహరింతురు. మొదటి బ్రౌజరును 1990లో టిమ్ బెర్నర్స్-లీ స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయమున నిర్మించెను. లినక్స్‌ను 1991లో ఫిన్లాండు విద్యార్థియగు లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించెను. దాని మూలము ఎల్లరకు బహిరంగము. మన దేశమున సీ-డాక్ సంస్థ బాస్ అను లినక్స్‌ను, హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్స్‌ను సిద్ధపరచినవి.

ఈ విషయము పంచాయతీ సభ్యులకేల అను ప్రశ్న కలుగవచ్చును. 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామ్ స్వరాజ్ ప్రారంభమైనది. గ్రామ ప్రణాళికయు, జమాఖర్చులును అందు నమోదగును. చెల్లింపులు డిజిటల్ సంతకముతో జరుగును. గ్రామనిధికి చేరు ద్వారము బ్రౌజరే గనుక దాని ఎన్నిక ఒక ఉద్యోగి అభిరుచికి విడువదగినది కాదు.

పేర్లు పెక్కు, యంత్రములు కొన్నియే

బ్రౌజర్ల పేర్లు అనేకములైనను లోపల పనిచేయు యంత్రములు కొన్నియే. ఫైర్‌ఫాక్స్‌లో గెకో అను యంత్రము కలదు. క్రోమియమ్, క్రోమ్, ఎడ్జ్‌లలో బ్లింక్ కలదు. గ్నోమ్ వెబ్ అను తేలికపాటి బ్రౌజరు వెబ్‌కిట్‌పై నడచును. భారత ప్రభుత్వము 2023లో స్వదేశీ బ్రౌజరునకై పోటీ ప్రకటింపగా, 2025లో జోహో సంస్థ ప్రథమ బహుమతి పొందెను. ఆ సంస్థ వారి ఉలా బ్రౌజరు సైతము క్రోమియమ్ ఆధారముగ నిర్మితమైనదే.

ఒకే బ్రౌజరును నమ్ముకొనుట మంచిది కాదు. ఒకప్పుడు పెక్కు కార్యాలయముల పుటలు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు కొరకే తయారయ్యెను. 2022 జూన్ 15న దాని పోషణ ముగియగా అట్టి పుటలను తిరిగి వ్రాయవలసి వచ్చెను. కావున రెండు వేర్వేరు యంత్రముల బ్రౌజర్లను ఉంచుకొనవలయును. క్రోమ్, క్రోమియమ్ రెండును ఉంచుకొన్నచో రెండు దారులు కావు. ఒకే దారికి రెండు గుమ్మములు.

నాలుగు పరీక్షలు

1. తెలుగు: ‘రాష్ట్రము’, ‘లక్ష్మి’, ‘స్త్రీ’ అను పదములను తెరపైనను, ముద్రించిన కాగితముపైనను చూడవలయును. వత్తులు విడిపోయినచో తగిన యూనికోడ్ అక్షరరూపములను చేర్చవలయును. పూర్వము తెలుగు పత్రికలు తమతమ సొంత లిపులను వాడుటచే పుటలు చదువరాకుండెడివి. వెన్న నాగార్జున రూపొందించిన ‘పద్మ’ అను ఉపకరణము ఫైర్‌ఫాక్స్‌లో వానిని యూనికోడునకు మార్చి చూపెడిది. తెలుగువారి అక్కరను తెలుగువాడే తీర్చుకొనుటకు మూలము బహిరంగమగుట తోడ్పడెను.

2. పని: కార్యాలయమునకు నిత్యము కావలసిన పుటలన్నిటిని తెరచి చూడవలయును. సంతకపు టోకెను లినక్స్‌పై పనిచేయునో లేదో ముందే పరీక్షింపవలయును. చెల్లింపు గడువునాడు పరీక్షించుట కాడి విరిగిన పిదప వడ్రంగిని వెదకుట వంటిది.

3. యంత్రబలము: తెరచిన ప్రతి పుటయు కంప్యూటరు జ్ఞాపకస్థలమును కొంత ఆక్రమించును. పాత 32 బిట్ యంత్రములకు క్రోమ్ 2016లోను, ఫైర్‌ఫాక్స్ సాధారణ ప్రతి 2025లోను లినక్స్‌పై సహాయము నిలిపివేసినవి. అట్టి యంత్రమును మార్చుటకు ముందుగనే ఏర్పాటు చేసికొనవలయును.

4. మరమ్మతు: దొంగలు లోపములను వెదకుచుందురు, నిర్మాతలు వానిని పూడ్చుచుందురు. కావున బ్రౌజరును ఆ లినక్స్ భాండాగారమునుండియే పొంది, ఎప్పటికప్పుడు తాజాపరచవలయును. ఫైర్‌ఫాక్స్‌లో ఈ.ఎస్.ఆర్. అను దీర్ఘకాలపు ప్రతి కలదు. అందు రూపము తరచు మారదు, భద్రతా మరమ్మతులు మాత్రము వచ్చుచుండును. కార్యాలయమునకు అదియే అనుకూలము.

ఏ బ్రౌజరైనను మానరాని జాగ్రత్తలు

పలువురు వాడు కంప్యూటరులో రహస్యపదమును బ్రౌజరుచే దాచింపరాదు. పని ముగిసిన వెంటనే ఖాతానుండి వెలుపలికి రావలయును. చిరునామా చెంత తాళపు గుర్తున్నంత మాత్రమున ఆ పుట నిజమైనదని తలపరాదు. మార్గమధ్యమున సమాచారమును ఇతరులు చదువజాలరని మాత్రమే ఆ గుర్తునకు అర్థము. చిరునామాను అక్షరమక్షరము చదివి, ప్రభుత్వ పుటయైనచో డాట్ గవ్ డాట్ ఇన్ లేక డాట్ నిక్ డాట్ ఇన్ అని ముగియుచున్నదో లేదో చూడవలయును. సంతకపు టోకెనును, దాని పిన్నును ఇతరుల కిచ్చుట సంతకము చేసిన ఖాళీ చెక్కుల పుస్తకము నిచ్చుటతో సమానము. మోసము జరిగినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలయును.

సాధారణముగ నిత్యకృత్యములకు ఫైర్‌ఫాక్స్ ఈ.ఎస్.ఆర్.ను, దానియందు తెరువరాని పుటలకు క్రోమియమ్‌ను ఏర్పరచుకొనుట మేలు. అయినను పై పరీక్షలు మీ యంత్రముపై మీ ఎదుటనే జరుగవలయును. రాబోవు సమావేశమున అరగంట ఇందులకు కేటాయించి, ఫలితమును మినిట్సు పుస్తకమున వ్రాయించినచో, ఉద్యోగి మారినను పద్ధతి నిలుచును. గ్రామనిధికి కాపు లభించును.