అల్లిక బల్ల దగ్గర ఒక కుర్చీ

(పరాయి దేశంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మితభాషికి)

మితభాషికి మనుషులంటే పడదని చాలామంది అనుకుంటారు. నిజానికి పడనిది ఊరికే కూర్చుని మాట్లాడాల్సి రావడం. ఎదురెదురు కుర్చీలు, మధ్యలో కాఫీ కప్పులు, మాట ఆగితే ఎవరు అందుకోవాలా అన్న కంగారు వీళ్లను అలసగొడతాయి. అదే మనిషి చేతిలో పని ఉంటే పదిమంది మధ్య గంటలకొద్దీ హాయిగా కూర్చోగలడు. ఆవకాయకు ముక్కలు తుడిచేటప్పుడు, పెళ్లింట్లో పూలు గుచ్చేటప్పుడు నోరు మెదపని మనిషిని ఎవరూ తప్పు పట్టరు. చేతులు ఆడుతుంటే మౌనం అమర్యాదగా కనబడదు. ఊలు అల్లిక మితభాషికి చేసే మేలంతా ఇక్కడే ఉంది.

చిన్నప్పుడు స్నేహాలను వెతుక్కోనక్కర్లేదు. బడిలో పక్క బెంచీ, హాస్టల్లో పక్క మంచం ఆ పని చేసిపెడతాయి. ఉద్యోగం కోసం లీడ్స్‌కో గ్లాస్గోకో వెళ్లినవాళ్లకు ఆ పక్క మంచం ఉండదు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, అసలైన స్నేహానికి 90 గంటలు, దగ్గరి స్నేహానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలి. ఆఫీసులో కలిసి పనిచేసిన గంటలు ఈ లెక్కలో పెద్దగా కలిసిరావని కూడా ఆయన తేల్చారు. వారానికి రెండు గంటలు కలిసే అల్లిక కూటానికి ఈ లెక్క కడితే మామూలు స్నేహానికే ఆరు నెలలు పడుతుంది, దగ్గరి స్నేహానికి దాదాపు రెండేళ్లు. మూడో వారానికే ఎవరూ కలవలేదని మానేయడం, పాలు తోడు పెట్టిన పది నిమిషాలకే గిన్నె కదిపి చూడటం లాంటిది.

బ్రిటన్‌లో ఇలా కలిసి అల్లడం పాత అలవాటే. యార్క్‌షైర్ డేల్స్ లోయల్లో, డెంట్ చుట్టుపక్కల, ఒకప్పుడు ఆడా మగా పిల్లలూ మేజోళ్లు అల్లి అమ్ముకునేవారు. చలికాలం సాయంత్రాలు ఒక్కో రాత్రి ఒక్కో ఇంట చేరి, ఒకే మంట ముందు కథలూ పాటలతో పని నడిపేవారు. మేరీ హార్ట్లీ, జోన్ ఇంగిల్బీ 1951లో తెచ్చిన పుస్తకంలో ఈ సంగతులు ఉన్నాయి. వాళ్లు చేరింది స్నేహం కోసం అనుకోనక్కర్లేదు. పది ఇళ్లలో పది మంటలు, పది దీపాలు ఎందుకన్న పొదుపు అది. స్నేహం దాని వెనకాల వచ్చింది. మితభాషికి ఈ వరసే నప్పుతుంది. స్నేహితుల కోసం వెళ్తున్నాననుకుంటే కాళ్లు గుమ్మం దాటవు. మేజోడు మడమ దగ్గర అల్లిక ఎలా తిప్పాలో అడిగి వస్తాననుకుంటే దాటుతాయి.

తెలుగునాట నరసాపురం, పాలకొల్లు వైపు ఆడవాళ్లు అరుగుల మీద గుంపుగా కూర్చుని లేసు అల్లడం 19వ శతాబ్దం నుంచీ ఉంది. ఆ క్రోషె లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే దాన్ని కబుర్ల కాలక్షేపంగా మాత్రమే చూడటం అన్యాయం. అది కూలి పని. ఆ కూలి ఎంత తక్కువో మరియా మీస్ 1982లో వచ్చిన పుస్తకంలో వివరంగా రాశారు. సరదాకు అల్లేవారికి ఆ తేడా గుర్తుండటం మంచిది.

ఇక పద్ధతి. ఊలు దుకాణాల్లో, పబ్లిక్ లైబ్రరీల్లో, చర్చి హాళ్లలో, కొన్నిచోట్ల పబ్బుల్లో కూడా ఈ కూటాలు జరుగుతుంటాయి. వారం వారం ఒకే రోజున, ఒకే చోట జరిగేదాన్నే ఎంచుకోవాలి. నెలకొకసారి కలిసేదైతే 50 గంటలు నిండేసరికే రెండేళ్లు దాటిపోతుంది. ఆరేడుగురు ఉన్న కూటం మేలు. మొదటిరోజు పావుగంట ముందే వెళ్లాలి. నిండిన గదిలోకి అడుగు పెట్టడం కంటే, ఖాళీ బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కరే రావడం చూడటం తేలిక. బల్ల కొసన కూర్చుంటే పలకరించేది ఒక పక్క మనిషే.

సరంజామా కొంచెం చాలు. 100 గ్రాముల డీకే ఊలు ఉండ ఒకటి, లేత రంగుది, 4 మిల్లీమీటర్ల వెదురు సూదులు. ముదురు రంగులో ఉచ్చులు కంటికి ఆనవు. లోహపు సూదుల మీద ఉచ్చులు జారతాయి, పైగా చేయి జారితే ఆ చప్పుడు గదంతా మోగి అందరూ తల తిప్పుతారు. మితభాషి రెండోవారం రాకపోవడానికి ఆ ఒక్కటీ చాలు. 30 ఉచ్చులు ఎక్కించి, ప్రతి వరసా నిట్ కుట్టే వేసుకుంటూ పోతే మఫ్లర్ తయారవుతుంది. పని సగం వచ్చి ఉండగా వెళ్లడమే మంచిది. అంతా వచ్చినవాళ్లకు పక్కవారిని అడగడానికి ఏమీ మిగలదు.

ఉచ్చు జారినప్పుడు ఏం జరుగుతుందో చూడాలి. జారిన ఉచ్చు కింది వరసల్లోకి నిచ్చెన మెట్లలా విడిపోతూ పోతుంది. పక్కావిడ ఏమీ అనకుండా చేయి చాపుతుంది. పని అందుకుని, క్రోషె సూది ఆ ఉచ్చులో దూర్చి, ఒక్కో మెట్టునూ అందులోంచి లాగుతూ పైదాకా తెచ్చి సూది మీద కూర్చోబెడుతుంది. తిరిగి ఇచ్చేముందు వేలితో ఆ చోటు ఒకసారి నిమిరి చూస్తుంది. ఇద్దరి మధ్య నడిచిన మాటలు మూడో నాలుగో.

ఇంతకంటే మంచి అవకాశం చిలపగా వచ్చే ఊలు. దాన్ని ముందు ఉండగా చుట్టుకోకపోతే చిక్కుపడి చస్తుంది. ఒకరు రెండు చేతులకూ చిలప తగిలించుకుని పట్టుకోవాలి, ఇంకొకరు చుట్టాలి. పట్టుకున్నవారు పోగు వచ్చే వైపుకు మణికట్లు వాలుస్తూ ఉండాలి. పావుగంటసేపు లేవడానికి లేదు, ఫోన్ చూడటానికి లేదు, చూపంతా పోగు మీదే. మితభాషి నోటి వెంట సొంత ఊరి సంగతులు బయటికొచ్చేది ఇలాంటప్పుడే. చిలపలు చుట్టే యంత్రాలు అమ్ముతారు గానీ, మొదటి ఏడాది కొనకపోతే నష్టం లేదు.

ఏ పని తీసుకెళ్లాలన్నది ఆ రోజు ఓపికను బట్టి. మఫ్లర్ అల్లుతూ ఎంతైనా మాట్లాడవచ్చు. లేసు నమూనాకు లెక్క కావాలి, తప్పితే వరసంతా విప్పుకోవాలి. అందుకే పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్న మనిషిని ఏ కూటంలోనూ కదపరు. అలసిన రోజున లేసు మంచి చాటు. వారం వారం లేసే పట్టుకెళ్తే మాత్రం అది తలుపుకు గడియ వేసుకోవడమే.

ఇలాంటి బల్లల దగ్గర చాలాచోట్ల పెద్దవయసు వాళ్లే ఎక్కువ. డెబ్భై ఏళ్ల ఆవిడను పేరు పెట్టి పిలవడానికి తెలుగు నోరు రాదు, అక్కడ ఆంటీ అంటే అతకదు. ఏమీ పిలవకుండా నెలల తరబడి నెట్టుకొచ్చేవాళ్లున్నారు. పేరు నోట పలకనిదే పరిచయం ముదరదు. పేరు పెట్టి పిలవడం రెండోవారానికే అలవాటు చేసుకోవాలి.

జిల్ రైలీ బృందం 2013లో ప్రచురించిన సర్వేలో 3,545 మంది అల్లికవారు పాల్గొన్నారు. తరచుగా అల్లేవారిలో ప్రశాంతంగా, సంతోషంగా ఉన్నామన్నవారు ఎక్కువ. కలిసి అల్లేవారు ఇతరులతో సంబంధాలు మెరుగయ్యాయని చెప్పారు. అయితే జవాబిచ్చినవాళ్లంతా అల్లికను ఇష్టపడి పట్టుకున్నవాళ్లే. ఆ సర్వేను మందుచీటీలా చదవకూడదు.

పరిచయం బల్ల దాటడానికి ఒక్క మనిషి చాలు. ఎప్పుడైనా కలుద్దాం అన్న మాట ఎక్కడా తేలదు. శనివారం పదకొండింటికి ఊలు కొనడానికి వెళ్తున్నా, వస్తారా అని అడిగితే అవుననో కాదనో జవాబు వస్తుంది. తొందరపడి ఎవరికీ స్వెట్టర్ అల్లి ఇవ్వకూడదు. నెలల శ్రమ చేతిలో పెడితే తీసుకున్నవారికి బరువు, టోపీ చాలు. నాలుగైదు వారాలు వెళ్లినా పేరైనా అడగని కూటమైతే ఆ లోపం కొత్తగా వచ్చినవారిది కాదు, ఇంకోటి చూసుకోవాలి.

రాలేని వారం ముందే చెప్పాలి. చెప్పకుండా రెండు వారాలు మానేస్తే మూడోవారం వెళ్లడానికి మొహం చెల్లదు, చాలామందికి తెగిపోయేది ఇక్కడే. అలా తెగినా వెళ్లవచ్చు. ఎవరూ నిలదీయరు. మఫ్లర్ ఎంతవరకు వచ్చిందని అడుగుతారు.